విండోస్ 11కు మారాలా? ముందు ఆ కంప్యూటర్ ఏం పని చేస్తోందో చూడాలి

తణుకు దగ్గర మా బాబాయికి చిన్న దుకాణం ఉంది. బోర్డు మీద ‘జిరాక్స్, డీటీపీ, ఇంటర్నెట్’ అని ఉంటుంది. కానీ ఉదయం పది దాటాక అక్కడ వరుసలో నిలబడేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఆధార్ నంబరు చెప్పి, వేలిముద్ర వేసి, బ్యాంకు ఖాతాలోంచి ఐదొందలో వెయ్యో తీసుకుని వెళ్తారు. పట్టాదారు పాసు పుస్తకాలు, కుల ధ్రువీకరణ పత్రాలు, పిల్లల మార్కుల జాబితాలు స్కాన్ చేయించుకునేవాళ్లూ వస్తారు. ఆ కాగితాల నకళ్లన్నీ దుకాణంలోని కంప్యూటర్లో ఏదో ఒక ఫోల్డర్‌లో పడి ఉంటాయి.

విండోస్ 10కు మద్దతు ముగిసిన వారానికే బాబాయి ఫోన్ చేశాడు. “ఒరేయ్ అబ్బాయ్, కంప్యూటర్ తెరిచినప్పుడల్లా మద్దతు అయిపోయిందని తెర మీద అడ్డం వస్తోంది. 11 వేసేయమంటావా? ఇక్కడో కుర్రాడు వెయ్యి రూపాయలిస్తే వేసిపెడతానంటున్నాడు.”

వేసేయమని గానీ వద్దని గానీ వెంటనే చెప్పలేకపోయాను. ఊరికి వెళ్లినప్పుడు ఆ కంప్యూటర్లను చూశాను. మొత్తం మూడు. కౌంటరు మీద ఉన్నది 2017లో కొన్న డెస్క్‌టాప్, ఏడో తరం ఇంటెల్ ఐ5. వేలిముద్రల పని, ఆన్‌లైన్ దరఖాస్తులు దాని మీదే. మూలన ఉన్నది 2013 నాటిది. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికల పోస్టర్లు దాని మీద తయారవుతాయి. మూడోది ఇంట్లో, డిగ్రీ చదువుతున్న మా చెల్లి వాడుకునే లాప్‌టాప్. అడిగింది ఒక్క ప్రశ్నే అయినా మూడింటికీ ఒకే జవాబు ఇవ్వడం కుదరదు.

అరిగిపోయింది ఏమిటి?

విండోస్ 10 విడుదలైంది 2015 జులై 29న. ఇదే చివరి విండోస్ అని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు ఆ రోజుల్లో ఒక సభలో అన్న మాట బాగా ప్రచారమైంది. ఆ మాట నిలవలేదు. 2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగింది.

మద్దతు ఆగిన మర్నాడు కంప్యూటర్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. ప్రింటర్ తిరుగుతుంది, బ్యాంకు సైటు వస్తుంది. అందుకే చాలామందికి ఈ హెచ్చరికంతా కొత్త సరుకు అమ్ముకునే ఎత్తుగడలా కనిపిస్తుంది. ఆ అనుమానంలో కొంత నిజం లేకపోలేదు, దాని సంగతి తరవాత చెబుతాను.

యంత్రం పాతబడటమంటే మనకు తెలిసింది అరుగుదల. ఫ్యాను బేరింగు అరుగుతుంది, బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది, హార్డ్ డిస్క్ ఒకరోజు టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు అరుగుదల లేదు. పదేళ్ల కిందటి ఫైలును ఈ రోజు చదివినా ప్రతి బిట్టూ అలాగే ఉంటుంది. మారేది దాని గురించి బయటివాళ్లకు తెలిసిన సమాచారం. కోట్ల వరుసల ప్రోగ్రాములో లోపాలు మొదటి రోజు నుంచే ఉంటాయి, కాకపోతే అవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే బయటపడతాయి. బయటపడినదాన్ని పూడ్చే మనిషి ఉన్నంతవరకు ఫరవాలేదు. మద్దతు ఆగడమంటే ఆ మనిషి రావడం మానేయడం.

మరమ్మతు చూపించే దారి

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా సవరణలు విడుదల చేస్తుంది. మన గడియారం ప్రకారం అది రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో వస్తుంది కాబట్టి మనకు కనిపించేది బుధవారం. ఒక్కో నెల పదుల సంఖ్యలో, ఒక్కోసారి వందకు పైగా లోపాలకు మందు ఉంటుంది.

ఆ సవరణ విడుదలైన గంట నుంచే దాన్ని విప్పి చూసేవాళ్లు ఉంటారు. సవరణకు ముందున్న ఫైలును, తరవాతి ఫైలును పక్కపక్కన పెట్టి పోల్చే ఉపకరణాలున్నాయి. వేల ఫంక్షన్లలో మూడు మాత్రమే మారాయనుకోండి, లోపం ఆ మూడింటిలోనే ఎక్కడో ఉందని తెలిసిపోతుంది. ఒక అచ్చుతప్పు దిద్దిన పుస్తకాన్ని పాత ముద్రణతో పోల్చితే తప్పు ఏ పేజీలో ఉండేదో ఇట్టే తెలిసినట్టే ఇది. విండోస్ 10, 11లకు పునాది చాలావరకు ఒకటే. కాబట్టి ఇకమీద విండోస్ 11లో పూడ్చే గుంతలు కొన్ని విండోస్ 10లోనూ ఉంటాయి, అక్కడ పూడ్చకుండానే ఉంటాయి. 11కు వచ్చే ప్రతి మరమ్మతూ 10ని పగలగొట్టాలనుకునేవాడికి ఓ గురుతు వదిలి వెళుతుంది. ప్రమాదం అక్టోబర్ 15న ఒక్కసారిగా వచ్చి పడలేదు. నెల నెలా కొంచెం చొప్పున పేరుకుంటోంది.

ఇది ఊహాగానం కాదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక సవరణ విడుదల చేసింది. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఒక పాత పద్ధతిలోని లోపానికి అది మందు. ఏప్రిల్‌లో, అమెరికా జాతీయ భద్రతా సంస్థ నుంచి దొంగిలించిన ఉపకరణాలంటూ ఒక ముఠా కొన్నిటిని ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ లోపాన్ని వాడుకునే ఉపకరణం వాటిలో ఒకటి. మే 12న వాన్నాక్రై మొదలైంది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లు తాళం పడ్డాయి. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి.

సవరణకు, దాడికి మధ్య 59 రోజులు. ఆ దాడిలో చిక్కుకున్నవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లు. విండోస్ 7కు అప్పటికి మద్దతు ఉంది, అది ముగిసింది 2020 జనవరిలో. అంటే మందు దొరికినా వేసుకోనివాళ్లే ఎక్కువ నష్టపోయారు. కొత్త విండోస్‌కు మారి, అప్‌డేట్లు ఆపేసుకుని కూర్చునేవాళ్లు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. నెట్ బిల్లు కలిసొస్తుందని బాబాయి కౌంటరు కంప్యూటర్‌లో అప్‌డేట్లు ‘పాజ్’లో పెట్టి ఉంచాడు. అసలు చర్చ మొదలుపెట్టకముందే నేను దాన్ని తీసేశాను.

కంప్యూటర్ ఎందుకు వద్దంటుంది?

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ ప్రోగ్రాము నడిపితే ఆ కంప్యూటర్ విండోస్ 11కు అర్హమో కాదో చెబుతుంది. కౌంటరు డెస్క్‌టాప్ రెండు చోట్ల తప్పింది. ఒకటి టీపీఎమ్ 2.0 లేదని, రెండోది ప్రాసెసర్ జాబితాలో లేదని.

టీపీఎమ్ అంటే రహస్య తాళంచెవులు దాచుకునే చిన్న చిప్పు, లేదా ప్రాసెసర్‌లోనే ఆ పని చేసే భాగం. అది చేసే పని నాకు భలే నచ్చుతుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే ఫర్మ్‌వేర్, ఆ తరవాత బూట్‌లోడర్, ఆ తరవాత విండోస్ కెర్నల్ ఒకదాని వెనక ఒకటి మేల్కొంటాయి. ప్రతి దశా తన తరవాతి దశకు పగ్గాలు అప్పగించే ముందు దాని ‘హ్యాష్’ లెక్కగట్టి టీపీఎమ్‌కు చెబుతుంది. హ్యాష్ అంటే ఒక ఫైలుకు గణితం వేసే వేలిముద్ర. ఫైలు ఎంత పెద్దదైనా 256 బిట్ల సంఖ్య ఒకటి వస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. టీపీఎమ్ కొత్త సంఖ్యను పాతదానితో కలిపి మళ్లీ హ్యాష్ చేసి దాచుకుంటుంది. చివరికి మిగిలే సంఖ్యలో మొత్తం గొలుసు ఇమిడి ఉంటుంది. మధ్యలో ఎవరైనా దొంగ ప్రోగ్రాము జొప్పిస్తే సంఖ్య సరిపోలదు, సరిపోలకపోతే డిస్కు తాళంచెవిని టీపీఎమ్ బయటపెట్టదు.

దీంతో మనకు వచ్చే చిక్కు కూడా ఒకటుంది, ముందే చెప్పడం మేలు. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో చాలావరకు డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఎప్పుడైనా మదర్‌బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ చేసినా, గొలుసు మారిందని టీపీఎమ్ మొరాయిస్తుంది. అప్పుడు తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్లు దొంగకే కాదు, మీకూ దొరకవు. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో నమోదై ఉంటుంది. దాన్ని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు, ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

బాబాయి కంప్యూటర్‌లో టీపీఎమ్ నిజానికి ఉంది. బయోస్‌లో ఆపేసి ఉందంతే. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అని, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎమ్ అని రాస్తారు. ఆన్ చేస్తే మొదటి అభ్యంతరం పోయింది. టీపీఎమ్ లేదన్న ఒక్క కారణంతో కొత్త కంప్యూటర్ కొనబోయేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

రెండోది పోలేదు. కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరవాతిది, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరుస లేదా ఆ తరవాతిది ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం. తరం తెలుసుకోవడం తేలిక. ప్రాసెసర్ పేరులో ‘ఐ5-7400’ అని ఉంటే గీత తరవాతి 7 ఏడో తరమని, ‘ఐ5-8250’ అని ఉంటే ఎనిమిదో తరమని అర్థం. గీత తరవాత ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి.

ఈ గీత ఇక్కడే ఎందుకు గీశారు? భద్రతా లక్షణాలు సాఫీగా నడవాలని, నమ్మకంగా పనిచేయాలని మైక్రోసాఫ్ట్ చెప్పిన కారణాలు. పరీక్షల్లో అర్హత లేని కంప్యూటర్లలో కెర్నల్ స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువ కనిపించాయని 2021లో ప్రకటించింది. ఆ లెక్కను నేను కాదనను. కానీ ఏడో తరం లాప్‌టాప్ చిప్పుకూ ఎనిమిదో తరంలో మొదట వచ్చిన లాప్‌టాప్ చిప్పుకూ లోపలి నిర్మాణంలో పెద్ద తేడా లేదు. రెండూ 14 నానోమీటర్ల పద్ధతిలో తయారైన ఒకే కుటుంబం. కోర్లు రెండు నుంచి నాలుగయ్యాయి, అంతే. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్ లోపం రెండు తరాలకూ ఉంది. భౌతికశాస్త్రం చదివినవాడిగా నాకు ఇది ప్రకృతి గీసిన గీతలా అనిపించదు. ఒక సంస్థ ఎన్ని రకాల యంత్రాలను పరీక్షించి, ఎన్నేళ్లు మోయగలదో లెక్కవేసుకుని గీసుకున్న గీత ఇది. బాబాయి అనుమానంలో నిజముందన్నది ఇందుకే.

ఈ నియమాలను దాటవేసి విండోస్ 11 వేసే ఉపాయాలున్నాయి. వెయ్యి రూపాయల కుర్రాడు చేయబోయేది అదే. కంప్యూటర్ నడుస్తుంది, ప్రస్తుతానికి అప్‌డేట్లూ వస్తుండవచ్చు. కానీ అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. ఇంట్లో సరదాగా ప్రయోగాలు చేసుకునేవాళ్లు వేసుకోవచ్చు. పరాయివాళ్ల వేలిముద్రలు పడే కంప్యూటర్ మీద ఆ ప్రయోగం వద్దన్నాను. పైగా ఇలాంటి ఉపాయాల పేరుతో తిరిగే ఫైళ్లలోనే దొంగ ప్రోగ్రాములు దాక్కుంటాయి. విండోస్ 11 పేరుతో నకిలీ సైటు పెట్టి పాస్‌వర్డ్‌లు కాజేసిన వ్యవహారం 2022లోనే బయటపడింది.

మొదటి రోజే ఎందుకు వద్దు?

అప్‌డేట్లలో రెండు రకాలున్నాయి. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. నెల నెలా వచ్చే భద్రతా సవరణ ఒకటి. ఏడాదికోసారి రూపురేఖలు, సౌకర్యాలు మార్చే పెద్ద వెర్షన్ మరొకటి. మొదటిది ఆలస్యం చేయకూడదు. రెండోది కొన్ని వారాలు ఆగితేనే మంచిది.

2018 అక్టోబర్ 2న విండోస్ 10కు ఒక పెద్ద వెర్షన్ వచ్చింది. అత్యుత్సాహంతో వెంటనే వేసుకున్నవాళ్లలో కొందరి ‘డాక్యుమెంట్స్’, ‘పిక్చర్స్’ ఫోల్డర్లలోని ఫైళ్లు మాయమయ్యాయి. నాలుగైదు రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాని విడుదలను నిలిపేసి, నవంబర్‌లో సరిచేసి మళ్లీ ఇచ్చింది. ఇప్పుడు కొత్త వెర్షన్‌ను అందరికీ ఒకేసారి పంపరు. విడతలవారీగా వదులుతారు. ఏదైనా డ్రైవర్‌తో గొడవ ఉందని తెలిస్తే ఆ డ్రైవర్ ఉన్న కంప్యూటర్లకు విడుదల ఆపుతారు. కాబట్టి మీ కంప్యూటర్‌కు కొత్త వెర్షన్ ఇంకా రాలేదంటే మిమ్మల్ని మరచిపోయారని కాదు. దాన్ని బలవంతంగా దించుకోవాల్సిన పని లేదు.

విడతలు లేకుండా అందరికీ ఒకేసారి పంపితే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలులో తప్పుంది. మన సమయం ప్రకారం ఉదయం 9:39కి పంపి, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్తున్న ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు ఊరంతా తిరిగింది. కొత్తది వెంటనే వేసుకోవడమే భద్రత అని గుడ్డిగా చెప్పేవాళ్లకు ఆ ఫొటో చూపించొచ్చు.

ఒకవేళ విండోస్ 11కు మారాక నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్ నుంచే వెనక్కి వెళ్లే వీలుంది. ఆ తరవాత పాత ఫైళ్లు తుడిచేస్తుంది. వెనక్కి వెళ్లే వీలుందని ఫొటోలు, పత్రాలు వేరే డిస్కులోకి ఎక్కించుకోవడం మాత్రం మానకండి.

మూలనున్న కంప్యూటర్

మూలనున్న 2013 నాటి కంప్యూటర్ దగ్గరకు వస్తే సమస్య తీరే వేరు. అందులో ఉన్నది 32 బిట్ల విండోస్ 7. పదేళ్లుగా ఆయన దాన్ని ముట్టుకోనివ్వలేదు. కారణం పేజ్‌మేకర్. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి వెర్షన్. దాంతోపాటు యూనికోడ్‌కు ముందు తరం తెలుగు ఫాంట్లు. ఆ ఫాంట్లలో ‘శ్రీ’ అని తెర మీద కనిపించేది కంప్యూటర్‌కు తెలుగు అక్షరం కాదు. ఏదో ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలకు తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే శుభలేఖ మొత్తం పిచ్చిగీతలవుతుంది. ఇరవై ఏళ్ల శుభలేఖలు, గృహప్రవేశ ఆహ్వానాలు, పెద్దకర్మ కార్డులు అందులో ఉన్నాయి. తాతగారి పేరు, ఇంటిపేరు, గోత్రం మార్చి తమ్ముడి పెళ్లికి అదే కార్డు వేయించుకునేవాళ్లు ఊళ్లో చాలామంది.

విండోస్ 11 కేవలం 64 బిట్ల వ్యవస్థ. 32 బిట్ల ప్రోగ్రాములు అందులో నడుస్తాయి గానీ, 32 బిట్ల డ్రైవర్లు నడవవు. ఎందుకంటే డ్రైవర్ కెర్నల్‌లో భాగంగా పనిచేస్తుంది, కెర్నల్ ఏ వెడల్పులో ఉంటే అది కూడా ఆ వెడల్పులోనే ఉండాలి. పాత స్కానర్లు, ప్రింటర్లు కొత్త వ్యవస్థలో మూగబోయేది చాలాసార్లు ఇందుకే.

ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా విభాగంలో ఎక్స్-కిరణ వివర్తన యంత్రం ఉండేది. దాన్ని నడిపే కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. మానిటర్ అంచున ఒక కాగితం అంటించి ఉండేది: నెట్ కలపరాదు, ఏమీ ఇన్‌స్టాల్ చేయరాదు. అప్పట్లో మాకు అది ల్యాబ్ సిబ్బంది బద్ధకంలా కనిపించేది. తరవాత అర్థమైంది. ఆ యంత్రం ఖరీదు లక్షల్లో, దాని ఆయుష్షు ఇరవై ఏళ్లు. ఆపరేటింగ్ సిస్టమ్ ఆయుష్షు పదేళ్లు. కంప్యూటర్ మార్చాలంటే లోపల గుచ్చిన కార్డు, దాని డ్రైవర్, దాని సాఫ్ట్‌వేర్ అన్నీ మార్చాలి. ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలది, కర్మాగారాల్లో కోత యంత్రాలదీ ఇదే కథ. అలాంటి చోట అప్‌గ్రేడ్ చేయకపోవడం తప్పు కాదు, నెట్ కలపడం తప్పు.

నెట్ తీసేస్తే సరిపోదని కూడా చరిత్ర చెబుతోంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలోకి వెళ్లడానికి పెన్‌డ్రైవ్‌నే దారిగా చేసుకుంది. బయటి నెట్‌తో సంబంధం లేని కేంద్రం అది. అదే ప్రోగ్రాము ఎక్కువగా సోకిన దేశాల్లో ఇండోనేషియా, భారత్ కూడా ఉన్నాయి. డీటీపీ దుకాణంలో రోజుకు పాతిక పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు. అందుకని మూలనున్న కంప్యూటర్‌కు నెట్ తీగ పీకేసి, గిరాకీల పెన్‌డ్రైవ్‌లు దానికి గుచ్చకూడదని నియమం పెట్టాం. ఫొటోలు ముందు వేరే కంప్యూటర్‌లో తెరిచి, స్కాన్ చేసి, దుకాణం సొంత పెన్‌డ్రైవ్ ఒక్కదానితోనే ఇటు తేవాలి. డిస్కు మొత్తానికి ఒక నకలు కూడా తీశాం. ఆ నకలును రేపు కొత్త కంప్యూటర్లో ‘వర్చువల్ మెషిన్’గా, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌గా, నెట్ లేకుండా నడిపించే అవకాశం ఉంది. కొత్త పనులు మాత్రం యూనికోడ్ ఫాంట్లలోనే మొదలుపెట్టమన్నాను. బాబాయి ఊఁ అన్నాడు. చేస్తాడో లేదో చూడాలి.

ఇంకో ఏడాది గడువు

ఇంట్లో చెల్లి లాప్‌టాప్ కూడా అర్హత లేనిదే. అయితే దానికి తొందర లేదు. విండోస్ 10 వాడే ఇళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా సవరణలు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 30 డాలర్లు కట్టవచ్చు. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, ఖాతా ఉండాలి, సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోవాలి. దానంతటదే రాదు. వ్యాపార సంస్థలకు ధర వేరు. మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కు 61 డాలర్లు, తరవాత ఏటేటా రెట్టింపు, మూడేళ్ల వరకు.

చెల్లి ఫిర్యాదు భద్రత గురించి కాదు, లాప్‌టాప్ నత్తలా ఉందని. అందులో నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఉంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. సూది ఆ వరుస దగ్గరకు జరగడానికి మరో పది పన్నెండు మిల్లీసెకన్లు. మొత్తం పదిహేడు అనుకుంటే సెకనుకు అరవై చోట్ల నుంచి మాత్రమే చదవగలదు. నేటి ఆపరేటింగ్ సిస్టమ్ తెరవెనక వేల చిన్న చిన్న ఫైళ్లు తడుముతుంటుంది. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ ఆ పని సెకనుకు వేలసార్లు చేస్తుంది. ప్రాసెసర్ ముసలిదైందని అందరూ అనుకుంటారు గానీ, చాలాసార్లు ఆగి ఎదురుచూస్తున్నది డిస్కు కోసం. ఎస్ఎస్‌డీ వేయించాం, ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేశాం. విండోస్ 11కు కనీస అర్హత 4 జీబీయే అని రాసి ఉంటుంది. దాన్ని నమ్మి 4 జీబీతో వేసుకున్నవాళ్లు తరవాత నన్ను తిట్టకూడదని చెబుతున్నాను.

వచ్చే అక్టోబర్ తరవాత ఆ లాప్‌టాప్‌లో లినక్స్ వేస్తాం. చదువుకు, బ్రౌజర్‌కు, తెలుగు టైపింగుకు దానితో ఇబ్బంది లేదు. చెన్నైలోని సీ-డాక్ తయారుచేసిన ‘బాస్’ మన భాషలతో 2007 నుంచీ ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ బృందం తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసింది. దుకాణంలో మాత్రం లినక్స్ మాట ఎత్తలేదు. వేలిముద్రల పరికరం సాఫ్ట్‌వేర్ ఆయనకు విండోస్‌కే ఇచ్చారు.

ఉన్నదాన్ని నడిపించుకోవడానికి ఇంకో కారణం ఉంది. విండోస్ 10 ఆగడంతో దాదాపు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలో చేరవచ్చని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ 2023లో అంచనా వేసింది. 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మిగతాదాంట్లో కొంత ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల, చేతులకు తొడుగులు కూడా లేని మనుషులు సర్క్యూట్ బోర్డులు కాల్చి, ఆసిడ్‌లో ముంచి రాగి తీసే పనికి చేరుతుంది.

కౌంటరు మీద ఏం జరిగింది?

కౌంటరు డెస్క్‌టాప్ విషయంలో చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. మంచి కంప్యూటర్, ఇంకో ఐదేళ్లు నడుస్తుంది. దాన్ని పక్కన పెట్టడం నాకే బాధగా ఉంది. కానీ అక్కడ నష్టం జరిగితే భరించేది బాబాయి ఒక్కడే కాదు. వరుసలో నిలబడ్డ మామ్మగారికి తన వేలిముద్ర పడే కంప్యూటర్‌కు మద్దతు ఉందో లేదో అడిగే వీలు లేదు. చివరికి పదో తరం ప్రాసెసర్ ఉన్న, వాడి బాగుచేసిన డెస్క్‌టాప్ ఒకటి రాజమండ్రి నుంచి తెచ్చుకున్నారు. కొత్తదాని ధరలో సగంకన్నా తక్కువ పడింది. విండోస్ అసలైనదేనా అని ముందు సరిచూసుకున్నాం, ఎందుకంటే దొంగ ఆక్టివేటర్‌తో నడిచే విండోస్ 11 కంటే నమోదైన విండోస్ 10 వెయ్యి రెట్లు నయం. పాత డెస్క్‌టాప్ డిస్కు తుడిచి, లినక్స్ వేసి, పెన్‌డ్రైవ్‌లు స్కాన్ చేసే పనికి పెట్టాం. స్కాన్ చేసిన ఆధార్ నకళ్లను రోజూ రాత్రి తుడిచేసే అలవాటు కూడా మొదలైంది. అప్పటికి ఆ ఫోల్డర్‌లో నాలుగు వేలకు పైగా ఫైళ్లున్నాయి.

వేలిముద్రల పరికరం పాతది. దాని సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్‌లో పరికరాన్ని గుర్తించడం లేదు. కొత్త వెర్షన్ పంపుతామని అమ్మినవాళ్లు అన్నారు, ఇంకా రాలేదు. అందాకా బాబాయి ఆ పరికరాన్ని ఓటీజీ తీగతో ఫోన్‌కు తగిలించి పని నడిపిస్తున్నాడు. మొన్న వెళ్లినప్పుడు ఆ ఫోన్ సెట్టింగ్స్ తెరిచి చూశాను. దానికి చివరి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది 2022లో.